వకీలు బూర్గుల – కౌలుదారు కాగితము

మన పల్లెలలో భూమి తగాదా వచ్చినప్పుడు ఇంటి పెద్ద ఇనుప పెట్టె తెరచి, మడతల వద్ద చిరిగిన ఒక పాత కాగితమును జాగ్రత్తగా బయటికి తీయడము మనలో చాలమంది చూచియే ఉంటారు. అది రక్షిత కౌలుదారు సర్టిఫికెట్టు. తాతగారు ఆ భూమిని దున్నినారు అనుటకు అదే సాక్ష్యము. ఆ కాగితముతో ముడిపడిన పేరు మన పాలమూరు జిల్లావారైన శ్రీ బూర్గుల రామకృష్ణారావు గారిది. వారు ముఖ్యమంత్రిగా, గవర్నరుగా పనిచేసిన సంగతి అందరికీ తెలుసు. కాని వారు మొదట వకీలు, చివరివరకు వకీలే. ఆ వైపునుండి వారి జీవితమును చూడడము మనకు మేలు.

రామకృష్ణారావు గారు 1899 మార్చి 13న కల్వకుర్తి ప్రాంతములోని పడకల్లు గ్రామములో జన్మించారు. వారి అసలు ఇంటిపేరు పుల్లంరాజు. షాద్‌నగర్ దగ్గరి బూర్గుల గ్రామమునుబట్టి బూర్గులవారు అయినారు. హైదరాబాదులో పాఠశాల చదువు, పూనా ఫెర్గూసన్ కళాశాలలో బి.ఏ., బొంబాయి విశ్వవిద్యాలయములో న్యాయశాస్త్రము ముగించుకొని, 1920ల నడుమ హైదరాబాదులో వకీలు వృత్తి ప్రారంభించారు.

ఆనాటి నిజాం రాజ్యములో కోర్టు భాష ఉర్దూ. తెలుగు మాత్రమే ఎరిగిన రైతుకు తన మీద పడిన దావాలో ఏమి వ్రాసియున్నదో తెలియదు. తెలుగు, సంస్కృతము, ఉర్దూ, పారశీకము, మరాఠీ, ఇంగ్లీషు బాగుగా ఎరిగిన బూర్గుల గారికి మంచి పేరు వచ్చినది. తరువాతి కాలములో భారత ప్రధానమంత్రి అయిన పి.వి. నరసింహారావు గారు వారి వద్దనే జూనియరుగా పని నేర్చుకొన్నారు.

వృత్తి బాగుగా సాగుచుండగానే వారు ప్రజల పనిలో దిగినారు. 1930లో జోగిపేటలో జరిగిన మొదటి నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభకు మన జిల్లావారే అయిన సురవరం ప్రతాపరెడ్డి గారు అధ్యక్షులు కాగా, 1931లో నల్లగొండ జిల్లా దేవరకొండలో జరిగిన రెండవ సభకు బూర్గుల గారు అధ్యక్షత వహించారు. హైదరాబాదు స్టేట్ కాంగ్రెసు స్థాపకులలో వారు ఒకరు.

పోలీసు చర్య తరువాత, 1950 జూన్‌లో హైదరాబాదు కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టము వెలువడినది. ఆ యేడే వెల్లోడి గారి మంత్రివర్గములో బూర్గుల గారు రెవిన్యూ మంత్రి అయినారు. చట్టమును ఊళ్ళలోనికి దింపే భారము వారి మీద పడినది. నిర్ణీత కాలములో ఆరు సంవత్సరములు ఎడతెగక దున్నిన కౌలుదారును పట్టాదారు తన ఇష్టము వచ్చినట్లు బేదఖలు చేయరాదు. ఆ భూమిని కొనుక్కొనే మొదటి హక్కు కూడ వానిదే. కౌలు అంటే ఒక ఒప్పందము. అంతకు ముందు అది దొర నోటిమాట మీద నిలిచేది, దొర నోటిమాట మీదనే పోయేది. కాగితము లేని హక్కు కోర్టులో నిలువదని ఏ వకీలుకైనా తెలుసు. ఇప్పుడు బీదవాని చేతికి ఆ కాగితము వచ్చినది.

1951 ఏప్రిల్ 18న నల్లగొండ జిల్లా పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డి గారు వినోబా భావే గారికి నూరు ఎకరములు ఇవ్వగా భూదానము మొదలైనది. ఒకవైపు దానము, మరొకవైపు చట్టము. అంతకు ముందు సంవత్సరములలో రక్తము చిందిన ఈ నేల మీద రెండూ పక్కపక్కనే నడిచినవి.

1952లో షాద్‌నగర్ నుండి గెలిచి బూర్గుల గారు హైదరాబాదు రాష్ట్రమునకు ఎన్నికైన మొదటి ముఖ్యమంత్రి అయినారు. ఆ సెప్టెంబరులోనే ముల్కీ ఆందోళనలో పోలీసు కాల్పులకు యువకులు బలియైనారు. వారి పాలనలో అది చెరగని మచ్చ. 1954లో కౌలుదారీ చట్టమును సవరించి, రక్షిత కౌలుదారునే భూమికి యజమానిని చేసే 38-ఇ సెక్షనును చేర్చారు.

అయినను చట్టము వ్రాసినంత మాత్రాన న్యాయము జరుగదు. ఎ.ఎం. ఖుస్రో గారు ఆ సంవత్సరములలో చేసిన పరిశోధన ప్రకారము, రక్షిత కౌలుదారులలో నూటికి సుమారు 12 మంది భూమి కొనుక్కోగా, సుమారు 22 మంది చట్టవిరుద్ధముగా బేదఖలు అయినారు. 38-ఇ సెక్షను తెలంగాణలోని చాల ప్రాంతములకు 1973 జనవరి 1 నుండి గాని వర్తించలేదు. దానిని చూచుటకు బూర్గుల గారు లేరు. కౌలు కూడ లేక కూలి చేసుకొని బ్రతికిన మన సంఘస్థుల తాతముత్తాతలకు ఆ చట్టము ఏమియు ఇవ్వలేదు. ఈ మాట దాచితే వారి చరిత్ర సత్యము కాదు.

1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడుటకై వారు ముఖ్యమంత్రి పదవిని వదలుకొన్నారు. ఆ నవంబరులోనే కేరళ గవర్నరుగా వెళ్ళారు. అక్కడ 1957లో శాసనసభ ఆమోదించిన విద్యా బిల్లు క్రైస్తవ పాఠశాలలను కలవరపెట్టినది. బూర్గుల గారు సంతకము చేయక, దానిని రాష్ట్రపతి పరిశీలనకు పంపారు. రాష్ట్రపతి సుప్రీం కోర్టు అభిప్రాయము కోరారు. 1958 మే 22న కోర్టు చెప్పిన సారాంశమిది: అల్పసంఖ్యాకులు స్థాపించిన పాఠశాలలకు ప్రభుత్వము నియమములు పెట్టవచ్చును, కాని ఇచ్చే సహాయమును ఆశ చూపి వారి నిర్వహణ హక్కును లాగుకొనరాదు. మన మిషను పాఠశాలలు నేటికీ ఆధారపడే తీర్పులకు అది పునాది. 1959లో వారి నివేదికపై కేరళ ప్రభుత్వము రద్దయినది. అది సబబా కాదా అని న్యాయవేత్తలు నేటికీ వాదించుకొనుచున్నారు.

తరువాత వారు ఉత్తరప్రదేశ్ గవర్నరుగా, రాజ్యసభ సభ్యులుగా పనిచేసి, 1967 సెప్టెంబరు 14న కన్నుమూశారు.

ప్రియ సంఘస్థులారా, మన బిడ్డలలో కొందరు నేడు న్యాయవిద్య చదువుచున్నారు. వారికి బూర్గుల గారి జీవితము రెండు సంగతులు చెప్పుచున్నది. బీదవాని హక్కును కాగితము మీద పెట్టించడము గొప్ప పని. ఆ కాగితము అతని పొలము గట్టు వరకు చేరినదా అని పోయి చూడడము మిగిలిన సగము పని. ఆ సగము ఇంకను మన జిల్లాలలో మిగిలియున్నది.