అండాశయ శస్త్రచికిత్సకు ఆద్యుడు

అండాశయములో పెరిగిన తిత్తిని కోసి తీసివేయుట నేడు వైద్యశాలలలో సాధారణ విషయము. కాని రెండు వందల సంవత్సరములకు పూర్వము ఉదరమును తెరచుట యనగా రోగిని చేజేతుల చంపుటయే యని మహావైద్యులు సైతము నమ్మినారు. ఆ నమ్మకమును కాదని నిరూపించినవాడు అమెరికాలోని ఒక మారుమూల పట్టణపు వైద్యుడు, ఎఫ్రేయిం మెక్‌డోవెల్.

ఆయన 1771లో వర్జీనియా సీమలో జన్మించినాడు. బాల్యముననే కుటుంబముతో కెంటకీలోని డాన్‌విల్ చేరినాడు. స్కాట్లండులోని ఎడింబరోకు పోయి జాన్ బెల్ అను శస్త్రవైద్యుని ఉపన్యాసములు విన్నాడు. పట్టము పుచ్చుకొనకయే తిరిగి వచ్చి డాన్‌విల్‌లో వైద్యము ప్రారంభించినాడు.

1809 డిసెంబరులో 60 మైళ్ల దూరమునుండి ఆయనకు పిలుపు వచ్చినది. జేన్ టాడ్ క్రాఫర్డ్ అను గృహిణికి నెలలు నిండినను ప్రసవము కాలేదని అక్కడి వైద్యులు తలచినారు. మెక్‌డోవెల్ పరీక్షించి, అది గర్భము కాదనియు, అండాశయమున పెరిగిన కంతి యనియు గ్రహించినాడు. నిజమును ఆమెకు దాచలేదు. ఇట్టి చికిత్స ప్రయోగమే యనియు, ప్రాణమునకు హామీ లేదనియు, ఇష్టమైనచో డాన్‌విల్‌కు రావలెననియు తెలిపినాడు. ఆమె అంగీకరించి, చలికాలమున గుఱ్ఱమునెక్కి, కంతి బరువును జీనుపై మోపుకొని అంత దూరమును వచ్చినది.

క్రిస్మస్ నాడు శస్త్రచికిత్స జరిగినదని ప్రతీతి. మత్తుమందు ఇంకను వాడుకలోనికి రాలేదు. ఈథర్ ప్రభావము లోకమునకు వెల్లడియైనది 1846లో. ఆమె కీర్తనలు చదువుకొనుచు బాధను ఓర్చినదని చెప్పుదురు. కడుపు కోయగనే ప్రేగులు బల్లపైకి జారినవి. కంతి ఒక్కసారిగా బయటికి రానంత పెద్దది. దానిని చీల్చి 15 పౌనుల జిగురు పదార్థమును తీసి, పిదప ఏడున్నర పౌనుల తిత్తిని కోసివేసినాడు. అంతయు 25 నిమిషములలో ముగిసినది. అయిదవనాడు వైద్యుడు చూడబోవగా ఆమె తన పడకను తానే సవరించుకొనుచున్నది. 25 రోజులకు ఇంటికి బయలుదేరినది.

1817లో మెక్‌డోవెల్ మూడు చికిత్సల వృత్తాంతమును ప్రకటించినాడు. తక్కిన ఇద్దరు రోగులును నల్లజాతి స్త్రీలు. వారి పేర్లు చరిత్రకెక్కలేదు. బానిసత్వము రాజ్యమేలిన ఆ దినములలో వారి ఇష్టానిష్టములు ఎవరికి పట్టినవి? ఈ కీర్తికథలో అది మాయని మచ్చ. లండనులో ఒక పత్రికా సంపాదకుడు ఆయన మాటలను నమ్మక హేళన చేసి, పిమ్మట తప్పు ఒప్పుకొన్నాడు. 1830లో మెక్‌డోవెల్ ఉదరవ్యాధితోనే మరణించినాడు. క్రాఫర్డ్ 1842 వరకు జీవించినది.

నేడు ప్రతి తిత్తికిని కత్తి అవసరము లేదు. ఋతుచక్రమున ఏర్పడు చిన్న తిత్తులు పెక్కు కొన్ని నెలలలో వాటంతటవే కరగిపోవును. స్కానింగు పరీక్షతో వాటిని గమనించుచుండిన చాలును. కాని పొత్తికడుపున హఠాత్తుగా తీవ్రమైన నొప్పి లేచి, వాంతులో, జ్వరమో, సొమ్మసిలుటయో తోడైనచో తిత్తి మెలిపడియో పగిలియో ఉండవచ్చును. అప్పుడు గడియయైన జాగు చేయరాదు. కడుపుబ్బరమును, కొద్దిగా తినగనే కడుపు నిండుటయు వారముల తరబడి విడువకున్నను, ముట్లుడిగిన పిదప తిత్తి కనబడినను వైద్యుని సంప్రదింపవలెను. నాడు 60 మైళ్లు గుఱ్ఱముపై వచ్చినందున ఒక తల్లి బ్రతికినది. నేడు సిగ్గుచేతను, ఉపేక్షచేతను ఆ నొప్పిని దాచుకొనుట ఎవరికిని తగదు.