మన జైసింహ

కావ్యరచనకు ఆలంకారికులు మూడు హేతువులు చెప్పారు. అవి ప్రతిభ, వ్యుత్పత్తి, అభ్యాసం. ప్రతిభ పుట్టుకతో వచ్చేది. వ్యుత్పత్తి శాస్త్రాలను, లోకాన్ని పరిశీలించి సంపాదించేది. అభ్యాసం ఎడతెగని సాధన. ఈ మూడూ కవికే కాదు, క్రీడాకారునికీ అవసరమే. కవికి సహృదయుడైన పాఠకుడు ఎటువంటివాడో, క్రీడాకారునికి అభిమాని అటువంటివాడు. అతడు ఆటలోని అందానికి పరవశిస్తాడు. ఆట తప్పితే ఆటగానికన్న ఎక్కువగా బాధపడతాడు. హైదరాబాదు అభిమానులకు అటువంటి పరవశాన్ని, అటువంటి బాధను కూడా నిండుగా ఇచ్చిన క్రికెట్ క్రీడాకారుడు ఎం.ఎల్. జైసింహ.

మోట్గానహళ్లి లక్ష్మీనర్సు జైసింహ 1939 మార్చి 3వ తేదీన సికింద్రాబాదులో జన్మించాడు. సికింద్రాబాదు ఆంగ్లేయుల సైనిక స్థావరంగా పెరిగిన నగరం. అందువల్ల అక్కడ క్రికెట్ చాలాకాలం క్రిందటనే వేళ్లూనింది. జింఖానా మైదానం, పరేడ్ మైదానం, హుసేన్ సాగరానికి ఆవల హైదరాబాదులోని ఫతే మైదాన్ ఆ జంటనగరాల యువకులకు క్రీడాపాఠశాలలయ్యాయి. ఆ వాతావరణంలో పెరిగిన జైసింహకు బ్యాటు పట్టడం బాల్యం నుండే అలవడింది.

ఆయన ప్రతిభ త్వరగా వెలుగు చూసింది. 1954-55లో, 15 ఏళ్ల ప్రాయంలో, రంజీ ట్రోఫీ పోటీలలో హైదరాబాదు పక్షాన ఆంధ్ర జట్టుపై ఆడి 90 పరుగులు చేశాడు. బడికి వెళ్లే వయసులో ఉన్న బాలుడు పెద్దల మధ్య నిలిచి అన్ని పరుగులు చేయడం నగరంలో అందరి దృష్టినీ ఆకర్షించింది. మరుసటి సంవత్సరం 1955 నవంబరులో హైదరాబాదు నగరం తొలి టెస్టు మ్యాచ్‌కు ఆతిథ్యమిచ్చింది. ఫతే మైదాన్‌లో న్యూజిలాండుతో జరిగిన ఆ పోటీలో హైదరాబాదు వాస్తవ్యుడే అయిన గులాం అహ్మద్ భారత జట్టుకు నాయకత్వం వహించాడు. పాలీ ఉమ్రిగర్ 223 పరుగులు చేసి, టెస్టులలో ద్విశతకం సాధించిన తొలి భారతీయుడయ్యాడు. తమ నగరం నుండి తరువాత వెలుగులోకి రాబోయేది ఎవరని ఎదురుచూస్తున్న అభిమానులకు జైసింహ అప్పటికే ఒక ఆశాకిరణం.

ఆయన ఆటకన్న ముందు ఆయన నడక చూసి ముచ్చటపడేవారు ఎందరో. సన్నని, నిటారైన విగ్రహం. పైకి మడిచి నిలిపిన చొక్కా మెడపట్టీ. మెడలో రుమాలు. తొందరలేని అడుగులు. ఇక బ్యాటు చేత పట్టి నిలిచాక మణికట్టు చిన్న మలుపుతో బంతి మైదానపు అంచుకు చేరేది. బలప్రయోగం కనబడేది కాదు. బంతిని మధ్యమ వేగంతో వేయగలిగేవాడు. మైదానంలో చురుకుగా కదలి, వచ్చిన బంతిని ఆపి, వికెట్ల వైపు గురిగా విసరగలిగేవాడు. నగరంలోని పిల్లలు ఆయనలాగా మెడపట్టీ పైకి నిలుపుకొని గల్లీలలో ఆడేవారు. ఆట రానివారికి కూడా ఆ అనుకరణ సులభమే. కష్టమైనది ఆ మణికట్టు.

1959లో ఇంగ్లండు పర్యటనకు వెళ్లిన భారత జట్టులో జైసింహకు స్థానం లభించింది. ఆ జూన్ నెలలో లార్డ్స్ మైదానంలో తొలి టెస్టు ఆడాడు. అప్పటికి ఆయన వయసు 20 ఏళ్లు. ఆ ఆరంభం ఆశాజనకంగా లేదు. రెండు ఇన్నింగ్సులలోనూ స్వల్పమైన పరుగులతో వెనుదిరిగాడు. కాని కొద్ది నెలలకే, 1960 జనవరిలో కలకత్తాలో ఆస్ట్రేలియాతో జరిగిన టెస్టు ఆయన పేరును క్రికెట్ చరిత్రలో నిలిపింది. మొదటి రోజు చివరలో బ్యాటింగుకు దిగి, రెండవ రోజు 20 పరుగులతో అజేయంగా మిగిలాడు. మూడవ రోజు సాయంత్రం మళ్లీ దిగాడు. నాలుగవ రోజంతా వికెట్ వద్ద నిలిచాడు. అయిదవ రోజు 74 పరుగుల వద్ద ఔటయ్యాడు. ఒక టెస్టులోని అయిదు రోజులలోనూ బ్యాటింగు చేసిన మొదటి క్రీడాకారుడు ఆయనే. ఆ మ్యాచ్ డ్రాగా ముగిసింది.

ఆ సంవత్సరం డిసెంబరులో కాన్పూరులో పాకిస్తాన్‌పై మరొక వింత జరిగింది. చూపరులను అలరించే ఆటకు పేరుపొందిన జైసింహ 505 నిమిషాలు వికెట్ వద్ద నిలిచి 99 పరుగులు చేశాడు. నూరవ పరుగు కోసం పరుగెత్తి రనౌటయ్యాడు. ఎనిమిది గంటలకు పైగా చూపిన ఓర్పు ఒక్క క్షణం సడలింది. ఆ సిరీస్‌లోని అయిదు టెస్టులూ డ్రా అయ్యాయి. గెలవడం కన్న ఓడకపోవడమే ముఖ్యమని ఇరు జట్లూ భావించిన కాలమది. జట్టు అవసరం కొరకు తన సహజమైన ఆటను అణచుకోవడం ఒక త్యాగమే. కాని ఆయన ఆటలోని అందం కోసం వచ్చిన అభిమానులకు అది అర్థం కాని సమస్య అయింది. మందలించాలో మెచ్చుకోవాలో వారికి తోచలేదు. తమ జైసింహ ఈ రెండింటిలో ఎవరు, ప్రవాహంలా సాగేవాడా, బండలా నిలిచేవాడా అని వారు తర్కించుకొనేవారు.

1961-62లో ఇంగ్లండు జట్టు భారతదేశానికి వచ్చింది. ఢిల్లీ టెస్టులో జైసింహ 127 పరుగులు చేసి తన తొలి శతకాన్ని సాధించాడు. ఆ సిరీస్‌ను భారత్ 2-0తో గెలుచుకున్నది. ఇంగ్లండుపై భారత్ సాధించిన మొదటి సిరీస్ విజయమది. కాని విజయం వెంటనే పరీక్ష ఎదురైంది. 1962లో వెస్టిండీస్ పర్యటనలో భారత జట్టు అయిదు టెస్టులనూ కోల్పోయింది. అక్కడి వేగవంతమైన బౌలింగు ఎదుట జైసింహ ఆశించినంతగా రాణించలేకపోయాడు. 1964లో కలకత్తాలో ఇంగ్లండుపై 129 పరుగులు చేసి మళ్లీ ఆశలు రేకెత్తించాడు. ఆయన టెస్టు జీవితంలో అదే అత్యధిక స్కోరు. తరువాత మళ్లీ నిలకడ తగ్గింది.

ఆయన టెస్టు జీవితంలో మూడు శతకాలు, పన్నెండు అర్ధశతకాలు ఉన్నాయి. ఈ రెండు అంకెల మధ్య ఉన్న దూరమే అభిమానుల వేదన. ఏబది దాటిన ఆట నూరుకు చేరకుండా ఆగిపోయిన సందర్భాలు అన్ని. పునాది చక్కగా పడినా పైకప్పు పడని ఇండ్లవలె అవి మిగిలాయి. ప్రతిభ ఉన్నవానిని లోకం రెట్టింపు కొలతతో కొలుస్తుంది. సామాన్యుడు చేసిన ముప్పది పరుగులకు చప్పట్లు లభిస్తాయి. ప్రతిభావంతుడు ముప్పది పరుగులకే వెనుదిరిగితే నిట్టూర్పులు వినిపిస్తాయి. ఆ నిట్టూర్పులను జైసింహ చాలా సంవత్సరాలు భరించాడు. 1967లో ఇంగ్లండుకు వెళ్లిన జట్టులో ఆయన లేడు. ఆ సంవత్సరం చివర ఆస్ట్రేలియాకు బయలుదేరిన జట్టులోనూ ఆయనకు చోటు దొరకలేదు. ఇక జైసింహ కథ ముగిసిందని అనుకున్నవారు ఉన్నారు.

ఆస్ట్రేలియాలో భారత జట్టు మొదటి రెండు టెస్టులలో ఓడిపోయింది. చంద్రశేఖర్ గాయపడి ఆటకు దూరమయ్యాడు. అప్పుడు జైసింహకు పిలుపు వచ్చింది. సుదీర్ఘమైన విమానయానం చేసి, టెస్టుకు కొద్ది రోజుల ముందు మాత్రమే ఆయన బ్రిస్బేన్ చేరుకున్నాడు. అక్కడి పిచ్‌లకు, వాతావరణానికి అలవాటు పడడానికి వ్యవధి లేదు. అయినా 1968 జనవరిలో జరిగిన ఆ టెస్టు మొదటి ఇన్నింగ్సులో 74 పరుగులు, రెండవ ఇన్నింగ్సులో 101 పరుగులు చేశాడు. గెలుపునకు 395 పరుగులు కావలసిన భారత జట్టు 355 పరుగులు చేసి, 39 పరుగుల తేడాతో ఓడిపోయింది. నాడు హైదరాబాదులో దూరదర్శన్ లేదు. రేడియో వార్తలు, పత్రికలే ఆధారం. వాటి ద్వారానే నగరం తన జైసింహను మరల పొందింది. జట్టు ఓడినా, వద్దని ప్రక్కన పెట్టిన మనిషి పిలిచిన వెంటనే వచ్చి నిలిచాడన్న తృప్తి అభిమానులకు మిగిలింది. ఆయన ఆటలోని ప్రవాహము, నిలుకడ రెండూ ఒకే చోట కలిసిన అరుదైన సందర్భమది.

టెస్టు జట్టులో స్థానం నిలకడగా లేకపోయినా హైదరాబాదు జట్టులో ఆయనే నాయకుడు. పదహారేళ్ల పాటు ఆ బాధ్యత వహించాడు. భారత జట్టు నాయకుడైన మన్సూర్ అలీఖాన్ పటౌడీ హైదరాబాదుకు ఆడుతున్నప్పుడు జైసింహ నాయకత్వం క్రింద సంతోషంగా ఆడాడు. దేశానికి నాయకుడైనవాడు మరొకరి కింద ఆడడానికి అంగీకరించాడంటే, ఆ మరొకరి క్రీడాజ్ఞానంపై ఆయనకు గల గౌరవం ఎంతటిదో ఊహించవచ్చు. 1971లో వెస్టిండీస్ వెళ్లిన భారత జట్టులో హైదరాబాదు నుండి జైసింహతో పాటు ఆబిద్ అలీ, గోవిందరాజ్, కృష్ణమూర్తి, జయంతిలాల్ ఉన్నారు. ఒకే నగరం నుండి అయిదుగురు ఎంపిక కావడం ఆ నాయకుని పెంపకానికి నిదర్శనం. అయినా రంజీ ట్రోఫీ మాత్రం ఆయన చేతికి అందలేదు. 1964-65 అంతిమ పోటీలో హైదరాబాదు బొంబాయి చేతిలో ఓడింది. ఆయన పుట్టకముందు 1937-38లో ఒకసారి, ఆయన ఆట విరమించిన తరువాత 1986-87లో మరొకసారి హైదరాబాదు ఆ ట్రోఫీని గెలిచింది.

1971 వెస్టిండీస్ పర్యటనలో భారత జట్టు ఆ దేశంపై తొలి సిరీస్ విజయం సాధించింది. ఆ సిరీస్‌తోనే జైసింహ టెస్టు జీవితం ముగిసింది, సునీల్ గవాస్కర్ టెస్టు జీవితం మొదలైంది. ఆ యువకుడు తొలి సిరీస్‌లోనే 774 పరుగులు చేశాడు. తరువాతి కాలంలో గవాస్కర్ తన కుమారునికి రోహన్ జైవిశ్వ అని పేరు పెట్టుకున్నాడు. అందులో రోహన్ కన్హాయ్, జైసింహ, విశ్వనాథ్ ముగ్గురి పేర్లూ ఇమిడి ఉన్నాయి. పదివేల టెస్టు పరుగుల మైలురాయిని మొదట దాటిన మహాక్రీడాకారుడు, అందులో అయిదవ వంతు పరుగులు చేసిన వ్యక్తి పేరును తన ఇంట నిలుపుకున్నాడు. అంకెలకు అందని విలువ ఒకటి ఉంటుందనడానికి ఇంతకన్న సాక్ష్యం అక్కరలేదు.

ఆట విరమించిన తరువాత జైసింహ జాతీయ జట్టు ఎంపిక సంఘంలో సభ్యుడుగా, శ్రీలంక పర్యటనలో భారత జట్టు మేనేజరుగా, వ్యాఖ్యాతగా క్రికెట్‌కు సేవ చేశాడు. ఆయన కుమారులు వివేక్, విద్యుత్ హైదరాబాదు జట్టుకు ఆడారు. 1999 జూలై 6వ తేదీన, 60 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశాడు. 39 టెస్టులలో 2,056 పరుగులు, సగటు 30.68. ప్రథమ శ్రేణి పోటీలలో 13 వేలకు పైగా పరుగులు, 33 శతకాలు, 400కు పైగా వికెట్లు. ఇది ఆయన లెక్క.

ఈ లెక్కను మాత్రమే చూచేవారు ఇంకా ఎక్కువ చేయవలసింది అంటారు. ఆ మాట అసత్యం కాదు. ప్రతిభకు నిలకడ తోడైతే ఆయన ఇంకెంత ఎత్తుకు చేరేవాడో అన్న విచారం ఆయనను ప్రేమించినవారికీ ఉన్నది. కాని ప్రేమించినవారు అక్కడ ఆగలేదు. ఆయన తప్పులను ఎత్తి చూపుతూనే ఆయన తిరిగి వచ్చే రోజు కోసం ఎదురుచూశారు. బ్రిస్బేన్ ఆ నిరీక్షణకు లభించిన ఫలం.

నేడు ఆదివారం ఉదయం బోరబండ, అమీర్‌పేట, పంజగుట్ట ప్రాంతాలలో కాస్త ఖాళీ స్థలం కనబడితే చాలు, పిల్లలు బ్యాటు, బంతి పట్టుకొని చేరతారు. వారిలో ఎవడో ఒకడు మణికట్టును తిప్పి బంతిని అందంగా మళ్లిస్తాడు. ప్రక్కనున్నవారు అప్రయత్నంగా చప్పట్లు కొడతారు. ఆ పిల్లవానికి జైసింహ పేరు తెలియకపోవచ్చు. అతనికి లభించిన ప్రతిభ ఒక వరం. దానిని నిలుపుకోవడం మాత్రం అతని బాధ్యత. మరునాడు అతడు సున్నాకే ఔటైనప్పుడు కూడా అతనిని విడిచిపెట్టకుండా మళ్లీ బ్యాటు అందించడం చూచేవారి బాధ్యత. ఈ రెండు బాధ్యతలనూ ఒకే జీవితం నేర్పగలదని జైసింహ చరిత్ర చెబుతున్నది.