సూర్యుని వేడిమిని చదివిన మేఘనాద సాహా

ఢాకా నగర సమీపమున నొక చిన్న గ్రామములో 1893 అక్టోబరు 6న మేఘనాద సాహా జన్మించెను. తండ్రి కిరాణా అంగడి నడుపుకొను పేదవాడు. పై చదువునకై బాలుడు పొరుగూరు పోవలసివచ్చెను. అచటి వైద్యుడొకరు తన యింట భోజనము పెట్టుటకు సమ్మతించెను. అయితే బాలుడు తక్కువ కులమువాడగుటచే తన కంచము తానే కడుగుకొనవలెను. ఆవును కూడ చూచుకొనవలెను. ఆ పనులు చేయుచునే ఆతడు జిల్లాలో ప్రథముడై విద్యార్థివేతనము సంపాదించెను. 1905లో బెంగాలు విభజనకు నిరసనగా, పాఠశాలకు వచ్చిన లెఫ్టినెంటు గవర్నరును బహిష్కరించినందున ఆ వేతనమును పోగొట్టుకొనెను. ఐనను చదువు మానక వేరొక పాఠశాలలో చేరి, పిదప కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలకు చేరెను.

సూర్యకాంతిని రంగులుగా విడదీసి, అందలి గీతలనుబట్టి అచటి పదార్థములను గుర్తించు విద్య అప్పటికే పెరిగియుండెను. 1868 ఆగష్టు 18న సంపూర్ణ గ్రహణమునాడు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెను మన గుంటూరునందే సూర్యజ్వాలల నట్లు పరీక్షించెను. కాని యొక చిక్కు మిగిలెను. సూర్యుని పై పొరలలోని కాల్షియం పరమాణువులు ఎలక్ట్రానును కోల్పోయి, విద్యుదావేశముగల అయానులుగా మిక్కుటముగా కనబడుటకు కారణమేమి?

1920లో సాహా దీనికి సమాధానము చెప్పెను. వేడిమి యొక్కటే కాదు, ఒత్తిడియు లెక్కకు రావలెను. బోధనులో 1937లో స్థాపింపబడిన చక్కెర కర్మాగారము నడచిన దినములలో, చెరకు రసమును గాలి తీసిన మూతపాత్రలలో కాచెడివారు. ఒత్తిడి తగ్గుటచే తక్కువ వేడికే నీరు ఆవిరియగును, పాకము మాడదు. అట్లే ఒత్తిడి తక్కువైన చోట పరమాణువునుండి ఎలక్ట్రాను సులభముగా విడిపోవును. విడిపోయినది మరల కలియుట అరుదు. ఈ సూత్రముచే నక్షత్రముల వేడిమిని వాని కాంతినుండియే లెక్కింప వీలయ్యెను.

1927లో లండను రాయల్ సొసైటీ ఆయనను సభ్యునిగా నెన్నుకొనెను. 1952లో పార్లమెంటునకు ఎన్నికయ్యెను. మన పంచాంగములను సంస్కరించు సంఘమునకు అధ్యక్షత వహించెను. 1956 ఫిబ్రవరి 16న ఢిల్లీలో పనికి పోవుచు దారిలోనే మరణించెను.

సూర్యునినుండి మహావేగముతో వచ్చు ఇనుప కణములను నేడు ఆకాశనౌకలు పట్టి పరీక్షించుచున్నవి. ఇనుప పరమాణువున 26 ఎలక్ట్రానులుండును. కొన్ని కణములు పండ్రెండింటిని, కొన్ని ఇరువదింటిని కోల్పోయి వచ్చుచున్నవి. ఆ సంఖ్యవలన అవి పుట్టిన చోటి వేడిమియు, అవి దాటి వచ్చిన వాయువు సాంద్రతయు ఊహింపవచ్చును. అచటి పలుచని వాయువునకు సాహా సూత్రము యథాతథముగా చెల్లదు. ఐనను పోయిన ఎలక్ట్రానులే వేడిమికి సాక్ష్యమను మార్గము ఆయన తెరచినదే. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోటనుండి పోయిన ఆదిత్య-ఎల్1 నౌకయు అట్టి కణములను పరీక్షించు పరికరమును కొనిపోయెను.

విద్యార్థులారా! పరులయింట కంచము కడిగిన బాలుడు సూర్యునివద్దకు తాపము కొలుచు కొలబద్దను పంపినాడు. మీ పేదరికమును చూచి చదువు మానుకొనకుడు.