పర్లాకిమిడి పంతులుగారు

వంశధార తీరాన శ్రీముఖలింగ క్షేత్రానికి చేరువలో పర్వతాలపేట అనే చిన్న గ్రామం ఉంది. గిడుగు వేంకట రామమూర్తి 1863 ఆగస్టు 29న ఆ గ్రామంలో జన్మించారు. తల్లి వేంకమ్మ, తండ్రి వీర్రాజు. విజయనగరం సంస్థానంలో రెవెన్యూ ఉద్యోగిగా ఉన్న వీర్రాజు చోడవరానికి బదిలీ అయి, 1875లో అక్కడే విషజ్వరంతో మరణించారు. పన్నెండేళ్లు నిండీ నిండని బాలుడు విజయనగరంలో బంధువుల ఇంట ఉంటూ చదువుకోవలసి వచ్చింది.

అక్కడ ఆయన మహారాజావారి ఇంగ్లీషు పాఠశాలలో చేరారు. గురజాడ అప్పారావు ఆయనకు సహాధ్యాయి. తరువాతి కాలంలో తెలుగు వచనాన్ని మలుపు తిప్పిన ఇద్దరు మిత్రులూ ఒకే ఇంగ్లీషు బడిలో అక్షరాలు దిద్దుకోవడం విశేషం. 1879లో రామమూర్తి మెట్రిక్యులేషన్ పరీక్షలో ఉత్తీర్ణులయ్యారు. పై చదువుకు స్తోమత లేదు. మరుసటి ఏడే పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ముప్పై రూపాయల జీతం మీద చరిత్ర బోధించే ఉపాధ్యాయుడిగా కుదిరారు.

ఆ రోజులలో మన పాఠశాలలలో ఇంగ్లీషు బోధన ఎక్కువగా వ్యాకరణ సూత్రాలను వల్లె వేయించడం, వాక్యాలను అనువాదం చేయించడంతోనే సరిపోయేది. పుస్తకమంతా కంఠస్థమైనా నాలుగు మాటలు మాట్లాడవలసి వస్తే నోరు పెగలని విద్యార్థులకు కొదవ లేదు. రామమూర్తి మాత్రం నేర్చిన ఇంగ్లీషును పనిలో పెట్టారు. ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా చదివి 1886లో ఎఫ్.ఏ. పూర్తి చేశారు. 1894 నుండి రెండేళ్లు సెలవు పెట్టి, చరిత్ర ప్రధానాంశంగా బి.ఏ. చదివి, విశ్వవిద్యాలయం మొత్తం మీద రెండవ స్థానంలో నిలిచారు.

పరీక్షలతో ఆయన తృప్తి చెందలేదు. శ్రీముఖలింగ దేవాలయంలోని శాసనాలు ఆయనకు చిన్ననాటి నుండి పరిచితాలు. వాటి ప్రాచీన లిపిని గురువు లేకుండా తానే నేర్చుకొన్నారు. గాంగరాజు వజ్రహస్తుని నడగాం తామ్రశాసనాన్ని పరిష్కరించి, ఇంగ్లీషులో వివరణ రాసి, ఎపిగ్రాఫియా ఇండికా అనే పరిశోధన పత్రికలో ప్రకటించారు. మారుమూల సంస్థానంలోని బడిపంతులు రాసిన మాటలను దూరదేశాల పండితులు చదివారు. ఆయనకు ఇంగ్లీషు మీద పట్టు ఇటువంటి పనుల వల్లనే కుదిరిందని చెప్పవచ్చు.

పర్లాకిమిడి చుట్టూ ఉన్న కొండలలో సవరలు నివసిస్తారు. వారి భాష తెలుగుకు గాని, ఒరియాకు గాని సంబంధించినది కాదు. ముండా భాషలలో ఒకటి. ఆనాటికి దానికి లిపి లేదు, బడి లేదు, వాచకం లేదు. వారికి చదువు చెప్పాలన్న కోరిక రామమూర్తికి కలిగింది. ముందు వారి మాట తనకు రావాలి కదా! తెలుగు, సవర రెండూ తెలిసిన ఒక వ్యక్తిని తన ఇంటనే ఉంచుకొని, వినడం, అనడం ద్వారానే ఆ భాష అభ్యసించారు. పిమ్మట అడవులలో తిరిగి సవరల నోటి నుండి మాటలు సేకరించారు. పదం చివర గొంతులో చటుక్కున ఆగిపోయే ధ్వనులు, క్రియలో నామం కలిసిపోయి ఒక్క మాటగా వినబడే పదబంధాలు ఆ భాషలో ఉన్నాయి. తెలుగు వ్యాకరణం అటువంటి చోట దారి చూపలేదు. చెవి ఒక్కటే ఆధారం.

ఆ చెవులనే ఆయన పోగొట్టుకొన్నారు. మన్యంలో తిరిగినందుకు మలేరియా సోకింది. దానికి వాడిన క్వినైన్ వల్ల వినికిడి దెబ్బతిన్నది. చెవుడు జీవితాంతం ఆయనను బాధించింది. భాషను చెవితో పట్టుకోవాలని నమ్మిన మనిషికి ఇంతకంటే పెద్ద నష్టం ఏముంటుంది? అయినా పని ఆగలేదు. సవర భాషలో పుస్తకాలు రాశారు. సొంత డబ్బుతో బడులు పెట్టి, సవర పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పించారు. ఈ కృషికి మెచ్చి ప్రభుత్వం 1913లో ఆయనకు బిరుదునిచ్చి గౌరవించింది.

1907 ప్రాంతంలో జె.ఏ. యేట్స్ అనే ఆంగ్లేయుడు ఉత్తర కోస్తా జిల్లాలకు పాఠశాలల పరీక్షాధికారిగా వచ్చారు. ఐరోపాలో అప్పటికే ప్రత్యక్ష పద్ధతి అనే కొత్త బోధన విధానం ప్రచారంలో ఉంది. వస్తువును చూపి పేరు చెప్పడం, పని చేస్తూ ఆ పనిని మాటలలో చెప్పించడం, ప్రశ్నలు వేసి పూర్తి వాక్యాలలో జవాబు రాబట్టడం దాని లక్షణాలు. తప్పు పోతుందన్న భయం విడిచి విద్యార్థి నోరు విప్పడమే అందులో మొదటి మెట్టు. అయితే తెలుగు తరగతిలో అది ఎలా సాగుతుంది? ఇంగ్లీషు గంటలో పిల్లవాడు ఆంగ్లేయులు నేటికీ మాట్లాడే భాషనే చదువుతున్నాడు. తెలుగు గంటలో మాత్రం తన ఇంట గాని, ఉపాధ్యాయుని ఇంట గాని ఎవరూ పలకని గ్రాంథికాన్ని అప్పగిస్తున్నాడు. ఈ తేడా ఎందుకని యేట్స్ విశాఖపట్నంలో మిసెస్ ఏ.వి.ఎన్. కళాశాల ప్రధానాచార్యులైన పి.టి. శ్రీనివాస అయ్యంగారిని అడిగారు. గురజాడ, గిడుగులే దీనికి సమాధానం చెప్పగలవారని అయ్యంగారు సూచించారు. ఆ నలుగురి ఆలోచన నుండే పాఠశాలలలో వాడుక భాష కోసం ఉద్యమం మొదలయింది.

రామమూర్తి 1911లో పదవీ విరమణ చేసి, పూర్తి కాలం ఈ పనికే వినియోగించారు. 1913లో ఆధునిక తెలుగును సమర్థిస్తూ ఒక విజ్ఞాపన పత్రం రచించారు. అది ఇంగ్లీషులో ఉంది! 1914లో గురజాడ విశ్వవిద్యాలయానికి సమర్పించిన అసమ్మతి పత్రం కూడా ఇంగ్లీషులోనే ఉంది. ప్రభుత్వమూ విశ్వవిద్యాలయమూ ఆ భాషలోనే నడిచేవి గనుక, తెలుగు పక్షాన వాదించడానికి ఇంగ్లీషులో గట్టి పట్టు అవసరమైంది. విజయనగరం బడిలో నేర్చిన చదువు ఆ విధంగా అక్కరకు వచ్చింది. అయినా అప్పటికి గ్రాంథిక పక్షమే నెగ్గింది. మరుసటి ఏడు గురజాడ కన్నుమూశారు. రామమూర్తి వెనుకకు తగ్గక, 1919లో తెలుగు అనే పత్రికను స్థాపించి ఏడాదిపాటు నడిపారు. సభలలో తిరుగుతూ, పూర్వ కవుల ప్రయోగాలనే ఉదాహరణలుగా చూపుతూ వాదించారు.

మూడున్నర దశాబ్దాల సవర కృషి చివరకు అచ్చులోకి వచ్చింది. ఆయన ఇంగ్లీషులో రచించిన సవర వ్యాకరణాన్ని మద్రాసు ప్రభుత్వం 1931లోను, సవర-ఇంగ్లీషు కోశాన్ని 1938లోను ప్రచురించాయి. ఈ మధ్యకాలంలోనే, 1936 ఏప్రిల్ 1న, ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరింది. అర్ధశతాబ్దానికి పైగా తాను నివసించిన పట్టణాన్ని విడిచి, వృద్ధుడైన రామమూర్తి రాజమహేంద్రవరం చేరారు. 1938లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆయనను కళాప్రపూర్ణ బిరుదుతో సత్కరించింది. 1940 జనవరి 22న ఆయన మరణించారు. కుమారుడు గిడుగు వేంకట సీతాపతి తండ్రి చేపట్టిన భాషాసేవను కొనసాగించారు.