దారిని బట్టే గేరు

ఇంజిన్ ఎంత మంచిదైనా, గేరు తప్పితే కారు వెనకబడుతుంది. డిగ్రీ ఉంది, మార్కులున్నాయి, కోర్సులూ చేశారు. అయినా ఎక్కడో తేడా కొడుతోందని అనిపిస్తోందా? అయితే జోరా ఆర్కస్-డంటోవ్ జీవితం మీరు ఒకసారి చదవాలి. అందంగా కనిపించడం తప్ప పెద్దగా పరుగులేని షెవర్లే కార్వెట్‌ను అసలైన స్పోర్ట్స్ కారుగా మార్చిన ఇంజినీర్ ఆయన. అమెరికాలో మజిల్ కార్ల జోరు మొదలవ్వకముందే, ఏ దారికి ఏ గేరు పెట్టాలో లెక్కగట్టి చూపించారు.

ట్రామ్ డ్రైవర్ కావాలని..

డంటోవ్ 1909 డిసెంబరు 25న బ్రస్సెల్స్‌లో పుట్టారు. తల్లిదండ్రులు రష్యన్ యూదులు. బాల్యం రష్యాలో గడిచింది. చిన్నప్పుడు ట్రామ్ డ్రైవర్ కావాలన్నది ఆయన కోరిక. 1927లో కుటుంబం బెర్లిన్‌కు మారాక మోటార్‌సైకిల్ పిచ్చి పట్టుకుంది. అది ప్రమాదమని ఇంట్లోవాళ్లు పట్టుబడితే బండి ఇచ్చేసి కారు తెచ్చుకున్నారు. తీరా చూస్తే ఆ రేసు కారుకు ముందు చక్రాలకు బ్రేకులే లేవు! 1934లో బెర్లిన్‌లోనే ఇంజినీరింగ్ పూర్తిచేశారు.

రెండో ప్రపంచ యుద్ధం వచ్చేసరికి ఫ్రాన్స్‌లో ఉన్నారు. తమ్ముడు యూరాతో కలిసి ఫ్రెంచి వైమానిక దళంలో చేరారు. 1940లో ఫ్రాన్స్ ఓడిపోయింది. భార్య ఎల్ఫీతో, కుటుంబంతో స్పెయిన్, పోర్చుగల్ మీదుగా న్యూయార్క్ చేరుకున్నారు. అన్నదమ్ములు అక్కడ ‘ఆర్డన్’ అనే కంపెనీ పెట్టారు. ఫోర్డ్ వీ-8 ఇంజిన్‌కు అల్యూమినియం సిలిండర్ హెడ్‌లు చేసి పేరు తెచ్చుకున్నారు. కానీ ఆ కంపెనీ నిలబడలేదు. తర్వాత ఇంగ్లండ్ వెళ్లి అలార్డ్ కార్ల కంపెనీలో పనిచేశారు. 1952, 1953ల్లో లె మాన్ 24 గంటల రేసులో ఆ కార్లు నడిపారు కూడా.

ఎవరూ పిలవని ఉద్యోగం

1953 జనవరిలో న్యూయార్క్‌లోని వాల్డార్ఫ్-ఆస్టోరియా హోటల్లో జనరల్ మోటార్స్ తన కొత్త కార్లను ప్రదర్శించింది. అక్కడే డంటోవ్ తొలిసారి కార్వెట్‌ను చూశారు. బాడీ అద్భుతం. లోపల మాత్రం ఆరు సిలిండర్ల మామూలు ఇంజిన్, రెండు గేర్ల ఆటోమేటిక్. అప్పటికి ఆయనకు 43 ఏళ్లు.

షెవర్లే చీఫ్ ఇంజినీర్ ఎడ్ కోల్‌కు ఆయనే ఉత్తరం రాశారు. పొగడ్తతో సరిపెట్టలేదు. ఒక కారు గరిష్ఠంగా ఎంత వేగం వెళ్లగలదో కాగితం మీదే తేల్చే పద్ధతిని వివరిస్తూ సాంకేతిక పత్రం జతచేశారు. కంపెనీవాళ్లు దాన్ని చదివి డెట్రాయిట్‌కు పిలిచారు. ఆ మే నెలలోనే ఉద్యోగంలో చేరిపోయారు.

అసలు లెక్క ఇదీ

ఇంజిన్ బలం ప్రొపెల్లర్ షాఫ్ట్ మీదుగా వెనక యాక్సిల్‌కు వెళ్తుంది. అక్కడ చిన్న పినియన్ పెద్ద క్రౌన్ వీల్‌ను తిప్పుతుంది. మన మెకానిక్‌లు క్రౌన్-పినియన్ అనేది ఈ జతనే. పినియన్‌కు 10 పళ్లు, క్రౌన్‌కు 37 పళ్లు ఉంటే రేషియో 3.70. అంటే చక్రం ఒక్కసారి తిరగాలంటే షాఫ్ట్ 3.7 సార్లు తిరగాలి.

అంకె పెద్దదైతే లాగే బలం పెరుగుతుంది, కారు చప్పున అందుకుంటుంది. కానీ అదే వేగానికి ఇంజిన్ ఎక్కువసార్లు తిరగాలి. టైరు ఒక చుట్టుకు 2.1 మీటర్లు కదులుతుందనుకోండి. టాప్ గేరులో షాఫ్ట్ ఇంజిన్‌తో సమానంగా తిరుగుతుందనుకోండి. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో 3.08 రేషియోకు ఇంజిన్ నిమిషానికి సుమారు 2,450 సార్లు తిరుగుతుంది. 3.70కి 2,940, 4.56కు 3,620.

మరి అంకె తగ్గించుకుంటూ పోతే వేగం పెరుగుతూనే ఉంటుందా? ఉండదు. వేగం రెట్టింపైతే గాలిని చీల్చడానికి కావాల్సిన పవర్ ఎనిమిది రెట్లవుతుంది. ఇంజిన్ పూర్తి పవర్ ఇచ్చే ఆర్పీఎంకు చేరకముందే గాలి అడ్డుపడితే, చిన్న అంకె పెట్టీ లాభం లేదు. పూర్తి పవర్, గరిష్ఠ వేగం ఒకచోట కలిసేలా చూడటమే రేషియో ఎంపికలో కిటుకు.

ఒక కొండ, ఒక సముద్రతీరం

1955 సెప్టెంబరులో డంటోవ్ కొలరాడోలోని పైక్స్ పీక్ కొండెక్కారు. ఇంకా మార్కెట్లోకి రాని 1956 షెవర్లేని గుర్తుపట్టకుండా ముసుగేసి నడిపారు. శిఖరం ఎత్తు 14 వేల అడుగులపైనే. పైకి వెళ్లేకొద్దీ గాలి పలచబడి ఇంజిన్ నీరసిస్తుంది, మలుపు మలుపుకీ వేగం తగ్గించి మళ్లీ అందుకోవాలి. అలాంటి చోట లాగే బలమే ముఖ్యం. 17 నిమిషాల 24 సెకన్లలో పైకి చేరి రికార్డు కొట్టారు.

నాలుగు నెలలు తిరక్కుండానే, 1956 జనవరిలో, ఫ్లోరిడాలోని డేటోనా తీరానికి వెళ్లారు. అక్కడ కొండ లేదు, మలుపు లేదు. తిన్నగా ఇసుక దారి, ఎదురుగా గాలి. కార్వెట్‌తో గంటకు 150 మైళ్లు, అంటే 241 కిలోమీటర్లు దాటడం లక్ష్యం. అందుకు యాక్సిల్ ఒక్కటే మారిస్తే చాలదు. ఎక్కువ ఆర్పీఎంలో కూడా ఇంజిన్ బాగా ఊపిరి తీసుకునేలా కొత్త క్యామ్‌షాఫ్ట్ తయారుచేశారు. లక్ష్యం దాటారు. ‘డంటోవ్ క్యామ్’గా పేరుపడింది అదే.

ఎంపిక మీదే అన్నారు

ఉద్యోగంలో చేరిన ఏడాదే, 1953 డిసెంబరులో, ఆయన పై అధికారులకు ఒక నోట్ రాశారు. కుర్రాళ్లు ఫోర్డ్ కార్లు కొని సొంతంగా మార్పులు చేసుకుంటున్నారు, వాళ్లకు కావాల్సిన భాగాలు మనమే ఇద్దామన్నది దాని సారాంశం. 1957 కార్వెట్‌ను చూస్తే ఆ ఆలోచన కళ్లకు కడుతుంది. ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. ఒక చక్రం జారినా రెండోది లాగే పాజిట్రాక్షన్ వచ్చింది. దానికి 3.70, 4.11, 4.56 రేషియోలు ఇచ్చారు. పావు మైలు పందేలకు పెద్ద అంకె సరే. అదే 4.56ను గొప్పకు పెట్టించుకుని రోజూ హైవే మీద తిరిగితే ఇంజిన్ రొదకు చెవులు చిల్లులు పడతాయి, పెట్రోలుకు జేబు ఖాళీ అవుతుంది.

అన్నీ ఆయన అనుకున్నట్టే జరగలేదు. గ్రాండ్ స్పోర్ట్ రేసు కారును యాజమాన్యం ఐదు కార్లతోనే ఆపించింది. ఇంజిన్ సీట్ల వెనక ఉండే కార్వెట్ కోసం ఏళ్ల తరబడి పోరాడారు. సాధించకుండానే 1975లో రిటైరయ్యారు. 1996 ఏప్రిల్ 21న కన్నుమూశారు. ఆయన కోరుకున్న కారు చివరికి 2020 మోడల్‌గా వచ్చింది.

మీ దారి ఏది?

స్నేహితుడి ప్రిపరేషన్ ప్లాన్ మీకు సరిపోకపోవచ్చు. బ్యాంకు పరీక్షలో నిమిషాల్లో పరుగందుకోవాలి, గేట్‌లో కాన్సెప్టు లోతు కావాలి. కోర్ కంపెనీ ఇంటర్వ్యూలో చేసిన ప్రాజెక్టు గురించి అడుగుతారు. మూడింటికీ ఒకే గేరు పెడితే ఎక్కడో ఒకచోట ఇంజిన్ మొరాయిస్తుంది. ముందు దారి తేల్చుకోండి. ఈసారి దరఖాస్తు పంపేటప్పుడు రెజ్యూమెతో పాటు ఆ కంపెనీకి పనికొచ్చే పని ఏదైనా ఒక్కటి చేసి జతచేయండి. ఒక లెక్క కావచ్చు, డిజైన్ కావచ్చు, చిన్న ప్రోగ్రామ్ కావచ్చు. 43 ఏళ్ల వయసులో డంటోవ్ చేసింది ఇదే.