డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

బంగారమంటే కోలారు పిల్లలకు గనులు గుర్తుకు వస్తాయి. 2001లో గనులు మూతపడే వరకు మన పెద్దలు చాంపియన్ రీఫ్‌లో మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగి రాయి కొట్టేవారు. మట్టి పైపొరలోనే మరొక రకం బంగారాన్ని వెదికించిన తెలుగు వైద్యుడు ఒకరున్నారు.

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జగన్నాథం, వెంకమ్మ దంపతులకు జన్మించారు. మెట్రిక్యులేషన్ పరీక్ష మూడోసారికి గాని గట్టెక్కలేదు. మద్రాసు వైద్య కళాశాలలో చదివేటప్పుడు గాంధీజీ ప్రభావంతో ఖద్దరు ధరించారు. ఆంగ్లేయ ఆచార్యునికి అది కిట్టలేదు. ఫలితంగా ఎం.బి.బి.ఎస్. పట్టాకు బదులు, దానికన్నా తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే చేతికి వచ్చింది. మద్రాసులోని ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రం బోధిస్తూ కొంతకాలం గడిపారు.

ఆయన సోదరులు ఇద్దరు కొద్ది రోజుల తేడాలో స్ప్రూ అనే జబ్బుతో మరణించారు. ఆ జబ్బులో తిన్నది ఒంటబట్టదు, నెత్తురు పలచబడుతుంది. దానికి అప్పట్లో సరైన మందు లేదు. ఆ దుఃఖాన్ని మనసులో ఉంచుకొనే, 1920ల మొదట్లో ఆయన అమెరికా వెళ్లారు. హార్వర్డులో చదువుకుంటూ, పొట్టకూటికి రాత్రిళ్లు ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు కడిగారు. అక్కడే సైరస్ ఫిస్కేతో కలిసి రక్తంలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతి కనుగొన్నారు. కణానికి శక్తినిచ్చే ఎ.టి.పి.ని 1929లో వెల్లడించారు. అయినా ఆ విశ్వవిద్యాలయం ఆయనకు స్థిరమైన ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లీ ప్రయోగశాలలకు మారారు.

స్ప్రూను, ఒక రకం రక్తహీనతను నయం చేసే పదార్థమేదో కాలేయంలో ఉందని తెలుసు. అది ఏ భాగంలో ఉందో కనిపెట్టడమెలా? ఇందుకు పాలను పులియబెట్టే జాతికి చెందిన ఒక బాక్టీరియాను సాక్షిగా పెట్టుకున్నారు. ఆ పదార్థం అందకపోతే అది పెరగదు. అందితే పరీక్షనాళికలోని ద్రవం మడ్డిగా మారుతుంది. అలా గాలించి, 1945 నాటికి ఫోలిక్ ఆమ్లాన్ని ఆయన బృందం కృత్రిమంగా తయారు చేసింది. సోదరులను పొట్టనబెట్టుకున్న జబ్బుకు అది మందయింది. ఫోలిక్ ఆమ్లం లేనిదే కణంలోని జన్యుపదార్థం రెట్టింపు కాదు, కణం రెండుగా చీలదు. అందుకే దానిని పోలిన నకిలీ పదార్థాన్ని కూడా చేయించారు. రక్తక్యాన్సరు సోకిన పిల్లలలో ఆ మందు వ్యాధిని కొంతకాలం అణచగలిగిందని బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ 1948లో ప్రకటించారు. బోదకాలుకు నేటికీ ఇచ్చే మందు కూడా ఈ బృందానిదే.

ఇక బంగారం సంగతి. అనేక ప్రాంతాల నుంచి మట్టి తెప్పించి, అందులోని సూక్ష్మజీవులను పరీక్షించే పని ఆయన ఆధ్వర్యంలో సాగింది. మిస్సోరీ విశ్వవిద్యాలయపు పొలంలోని మట్టిలో, డెబ్బై ఏళ్లు దాటిన బెంజమిన్ డగ్గర్‌కు పసుపుపచ్చని మందునిచ్చే బాక్టీరియా దొరికింది. దానికి పెట్టిన స్ట్రెప్టోమైసిస్ ఆరియోఫేసియన్స్ అనే పేరులో బంగారం చేసేది అనే అర్థం ఉంది. మందు పేరు ఆరియోమైసిన్. దీనిని సుబ్బారావే కనుగొన్నారని కొన్ని పుస్తకాలు రాస్తాయి. అది సరికాదు. కనుగొన్నది డగ్గర్, ఆ పరిశోధనను నడిపించింది సుబ్బారావు.

ఈ జాతి బాక్టీరియా విచిత్రమైనది. మేత ఉన్నంతకాలం సన్నని దారాలై మట్టిలో అల్లుకుపోతుంది. మేత తరిగితే కొన్ని దారాలు గాలిలోకి లేచి, గొలుసుకట్టు సిద్ధబీజాలుగా విడిపోతాయి. అన్ని కణాలలోనూ ఉన్నవి ఒకే జన్యువులు. ఏది ఎప్పుడు పని మొదలుపెడుతుందన్నదే తేడా. మందు తయారయ్యేది సాధారణంగా ఈ మార్పు వేళకే. ఇదే జాతికి చెందిన మరొక బాక్టీరియాలో, దారాలు లేవనెత్తే జన్యువులు చెడితే పైభాగం నున్నగా మిగిలిపోతుంది. వాటికి శాస్త్రజ్ఞులు బట్టతల జన్యువులని పేరు పెట్టారు. అవి చెడిన చోట తరచు మందు తయారీ కూడా నిలిచిపోతుంది. ఈ గుట్టు బయటపడే నాటికి సుబ్బారావు లేరు.

1948 జూలైలో ఆరియోమైసిన్ విషయం లోకానికి తెలిసింది. మరుసటి నెలలోనే, యాభై మూడేళ్ల వయసులో, ఆయన నిద్రలో మరణించారు. అమెరికా వెళ్లిన నాటి నుంచి ఒక్కసారైనా స్వదేశానికి రాలేదు. పెళ్లయిన కొన్నేళ్లకే భర్తను సాగనంపిన శేషగిరి ఆయనను మళ్లీ చూడలేదు.