ఆచార్య రంగా చెప్పిన రైతుల్లో కూలీ ఎక్కడ?

మన గుంటూరు, ప్రకాశం పల్లెల్లో రైతు అంటే దున్నేవాడు కాదు, పొలం ఉన్నవాడు. ఆ పొలం దున్నేవాడికి వేరే పేర్లున్నాయి: పాలేరు, కూలీ. ఆచార్య ఎన్.జి. రంగా జీవితం చదివేటప్పుడు ఈ తేడా మరిచిపోకూడదు.

గోగినేని రంగనాయకులు 1900 నవంబర్ 7న నిడుబ్రోలులో కమ్మ రైతు కుటుంబంలో పుట్టారు. గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో చదివి, ఆక్స్‌ఫర్డ్ వెళ్లి 1926లో బి.లిట్. పట్టాతో తిరిగొచ్చారు. మద్రాసు పచ్చయప్ప కళాశాలలో అర్థశాస్త్రం బోధించారు. పేరు ముందున్న ‘ఆచార్య’ ఆ ఉద్యోగం ఇచ్చిందే. డెల్టా పల్లెల ఆర్థిక వ్యవస్థపై పుస్తకం రాసిన ఆ పంతులు 1930లో కేంద్ర శాసనసభకు ఎన్నికయ్యారు. ఇక రాజకీయాలే జీవితమయ్యాయి.

ఆయన చేసిన మంచిని తక్కువ చేయనక్కర్లేదు. వెంకటగిరి జమీందారు మీద రైతుల్ని కదిలించారు. నిడుబ్రోలులో రైతు కార్యకర్తల కోసం విద్యాలయం పెట్టారు. 1936లో లక్నోలో పుట్టిన అఖిల భారత కిసాన్ సభకు స్వామి సహజానంద అధ్యక్షుడైతే, రంగా ప్రధాన కార్యదర్శి. తన ఇంటి బావిని దళితులకు తెరిచారు. ఆ రోజుల్లో అది చిన్న విషయం కాదు. 1946 డిసెంబర్‌లో రాజ్యాంగ సభలో మాట్లాడుతూ, ఈ దేశంలో అసలు మైనారిటీలు అణగారిన కోట్లాది సామాన్య జనమేనని వాదించారు.

మరి ఆ జనానికి భూమి దగ్గరికొచ్చే సరికి ఏమైంది?

జమీందారీల రద్దు రైత్వారీ భూముల్ని ముట్టుకోలేదు. గుంటూరు సీమలో ఎక్కువ భాగం రైత్వారీయే. ఇక్కడ కూలీకి ఎకరం దక్కాలంటే జమీందారు పోతే చాలదు, ఊళ్లోని పెద్ద రైతు కమతానికి కూడా పరిమితి పడాలి. సరిగ్గా అక్కడే రంగా అడ్డం తిరిగారు. 1951లో కాంగ్రెస్ వదిలి కృషికార్ లోక్ పార్టీ పెట్టారు. మళ్లీ కాంగ్రెస్‌లో చేరారు. 1959 నాగపూర్ సమావేశంలో కాంగ్రెస్ సహకార వ్యవసాయం, భూపరిమితి తీర్మానం చేయగానే రాజాజీ, మీనూ మసానీలతో కలిసి స్వతంత్ర పార్టీ స్థాపించి, దానికి అధ్యక్షుడయ్యారు. ఒకప్పుడు వెంకటగిరి రాజాతో తలపడ్డ మనిషి నాయకత్వాన రాంగఢ్ రాజా, జైపూర్ మహారాణి చేరారు. 1964లో రైత్వారీ భూముల సంస్కరణ చట్టాలకు రక్షణ కల్పించిన 17వ రాజ్యాంగ సవరణను ఆ పార్టీ గట్టిగా వ్యతిరేకించింది. అప్పుడు లోక్‌సభలో దాని నాయకుడు రంగాయే. చిన్న రైతు పేరు చెప్పి చేసిన ఆ వాదన కాపాడింది ఎవరి కమతాల్ని?

తర్వాత కాంగ్రెస్‌కు తిరిగొచ్చి, 1980 నుంచి వరసగా మూడుసార్లు గుంటూరు ఎంపీగా గెలిచారు. ఆ కాలంలోనే, 1985 జూలై 17న పక్క జిల్లా కారంచేడులో ఆరుగురు మాదిగల్ని ఊరి భూస్వామ్య కులం వెంటాడి చంపింది. 1991 ఆగస్టులో చుండూరు. ఆ హత్యలకు రంగాను బాధ్యుణ్ణి చేయడం అన్యాయం. కానీ భూమి అంతా ఒకవైపు, కూలి బతుకంతా మరోవైపు ఉన్న ఆ ఊళ్లను అలాగే నిలబెట్టిన రాజకీయంలో ఆయన వాటా ఉంది.

1995 జూన్ 9న కన్నుమూశారు. వ్యవసాయ విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టారు. ఇప్పుడు దాని కేంద్రం గుంటూరు పక్కనున్న లాం. అక్కడి పరిశోధన స్థానంలో మిరప, పత్తి రకాలు తయారవుతాయి. ఆ మిరప కోతకు మాల, మాదిగ వాడల ఆడవాళ్లు తెల్లారకముందే ఆటోల్లో కిక్కిరిసి వెళ్తారు. వాళ్లను ఇప్పటికీ ఎవరూ రైతులనరు.